సున్నా మైళ్ళు

పోయిన సెప్టెంబరులో పెళ్ళి చేసుకుని మామయ్యగారింట్లో అడుగుపెట్టిన కొత్తలో నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండు టూత్‌బ్రష్‌లు ముద్దు. మా ఆయన ల్యూక్ రంపపు మిల్లు నుంచి వచ్చి చొక్కా దులిపితే నేల మీద రాలే చెక్కపొట్టు ముద్దు. దాన్ని ఊడ్చేది నేనే అయినా ముద్దే. ఆదివారం పొద్దున మామయ్యగారు పెనం మీద గోధుమవన్నె అట్లు పోస్తూ, మొదటిది చెడిపోతే "ఇది కోడలికి" అనడం కూడా ముద్దే. అంత సంతోషంలో ఉన్న మనిషిని లెక్కలు వెయ్యమనకూడదు. కానీ లెక్కలు వెయ్యడమే నా ఉద్యోగం.

నా పేరు నెల్. మా ఊరి హైస్కూల్లో కౌన్సిలర్ని. ఆఖరి ఏడాది పిల్లలకి ఏ కాలేజీలో సీటొస్తుందో, ఎక్కడ రాదో ముందే అంచనా కట్టి చెప్పాలి. పెద్ద యూనివర్సిటీల సంగతి తేలిక, మార్కులు చూస్తే తెలిసిపోతుంది. చిక్కంతా చిన్న కాలేజీలతోనే. అక్కడ మొత్తం రెండు వేల మంది కూడా ఉండరు. కవిత్వం, రాళ్ళ శాస్త్రం, వయొలిన్ ఒకే పిల్లకి ఒకే ఏడాది నేర్పుతారు. ప్రతి దరఖాస్తునీ నలుగురు కూర్చుని చదువుతారు, తలలు పట్టుకుంటారు, కాఫీ తాగుతారు, మళ్ళీ చదువుతారు. దానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆకుపచ్చ కార్డు అంటే ఖాయం. పసుపు అంటే అటో ఇటో. ఎరుపు అంటే దేవుడి దయ.

అక్టోబరులో ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద మా ఆడపడుచు ఎలోడీకి కార్డులు పరిచాను. దానికి పదిహేడేళ్ళు. బడిలో మొదటి ముగ్గురిలో ఒకతె.

"ఇదిగో పసుపు, ఇదిగో పసుపు, ఇది ఎరుపు," అన్నాను. "ఇక టార్‌బెల్."

ఆకుపచ్చ కార్డు పడగానే మామయ్యగారు చూడనట్టు నటిస్తూ చూశారు. టార్‌బెల్ కాలేజీ మా ఇంటి వెనకే. ఆయన అక్కడ బాయిలరు గదిలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నారు. కాలేజీలో పని చేసేవాళ్ళ పిల్లలకి ఒక హక్కుంది. తండ్రి పనిలో ఉండగా సీటొస్తే చాలు, నాలుగేళ్ళూ ఫీజు కట్టక్కర్లేదు. ఆయన నడుము రెండేళ్ళ కిందటే జవాబు చెప్పేసింది. డాక్టరు మానెయ్యమన్నాడు. ఎలోడీ సీటు కోసం ఈ ఒక్క శీతాకాలం లాగి, జూన్‌లో మానేసి, ఉత్తరాన చెరువు పక్కన ఉండే వాళ్ళక్క దగ్గరికి పోదామని ఆయన లెక్క. ఎలోడీ హాస్టలుకి వెళుతుంది. నేనూ ల్యూక్ బేకరీ మీద ఒక చిన్న ఇల్లు చూసుకున్నాం. దానికి నీలం రంగు వంటిల్లు. పొద్దున్నే కింద నుంచి రొట్టెల వాసన. అడ్వాన్సిచ్చి తాళంచెవి కూడా తెచ్చుకున్నాం. నలుగురి జూన్ నెలా ఆ ఆకుపచ్చ కార్డు మీదే ఉంది.

"ఖాయమేనా వదినా?"

"ఖాయం కాకపోతే నా పేరు మార్చుకుంటా."

"మొన్నేగా మార్చుకున్నావ్," అన్నాడు ల్యూక్, అట్టు తుంచుకుంటూ.

ఎలోడీ నవ్వలేదు. "నవంబర్లో ముందు విడత ఉందిగా. సీటిస్తే మీ దగ్గరికే వస్తానని సంతకం పెట్టేది. అందులో పెట్టనా?"

"వద్దు. నీకు కెమిస్ట్రీలో మార్కులు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. జనవరి దాకా ఆగితే ఇంకా బాగుంటాయి. తొందరేం?"

అది నా మొదటి తెలివి. రెండోది ఇంకా గొప్పది. దరఖాస్తుతో ఒక వ్యాసం రాయాలి. ఎలోడీ అప్పటికే రాసుకుంది. కాలేజీ పచ్చిక కింద ఆవిరి గొట్టాలు పోతాయి. వాటి పైన మంచు నిలవదు. అంతా తెల్లగా ఉన్న జనవరిలో కూడా గొట్టం వెళ్ళిన దారంతా పచ్చటి చార కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ చార పట్టుకుని నడిచి, తండ్రికి మధ్యాహ్నం సద్ది తీసుకెళ్ళేదట. ఆ చార మీద ఏ నాచు ఏ నెలలో మొలుస్తుందో ఆరేళ్ళుగా నోటుబుక్కులో రాసుకుంది. చదివి నాకు కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళు తుడుచుకుని, "బాగుందే పిల్లా, కానీ అందరూ ఇంటి గురించే రాస్తారు. నీ ప్రపంచం ఇంతేనా అనుకుంటారు," అని చెప్పి, వేసవి సైన్సు శిబిరం గురించి రాయించాను. బాయిలరు ఆర్మండ్ కూతురని సీటిస్తే నాకొద్దంటూ ఎలోడీ, 'ఈ కాలేజీలో మీ బంధువులెవరైనా పని చేస్తున్నారా' అన్న ప్రశ్న కూడా ఖాళీగా వదిలేసింది. ఆ పౌరుషం నాకు తెగ నచ్చింది. హక్కు కాగితం ఎలాగూ సీటొచ్చాకే ఇవ్వాలి. మా పేరున్నవాళ్ళు ఊళ్ళో నలభై ఇళ్ళున్నారు, ఉత్తరాలన్నీ పోస్టాఫీసు పెట్టెకే వస్తాయి. ఇక ఎవరు పోల్చుకుంటారు?

అదే వారం బడిలో ప్రెస్టన్ అనే పంటి డాక్టరు గారబ్బాయి వచ్చాడు. వాడికీ టార్‌బెలే కావాలట. మార్కులు చూసి ఎరుపు కార్డు తీశాను.

"అస్సలు రాదా మేడమ్?"

"వెళ్ళి చూడు. టూర్ తీసుకో. రిజిస్టర్లో పేరు రాయి. ఒక మంచి ప్రశ్న అడుగు. ఇంటికొచ్చి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాయి. మళ్ళీ వెళ్ళు. చిన్న కాలేజీలు పెళ్ళిచూపుల్లాంటివి. మనకి ఇష్టమని వాళ్ళకి తెలియాలి."

ఈ మాటలు ఆ ఏడాది ముప్పై మందికి చెప్పాను. మా ఇంట్లో ఉన్న పిల్లకి చెప్పలేదు. ఎందుకు చెప్తాను? అది సైకిలు నేర్చుకున్నదే ఆ కాలేజీ దారుల్లో. దాని పాలపళ్ళు రెండు ఊడిపడింది ఆ లైబ్రరీ మెట్ల మీద.

ఆ శీతాకాలం నాకు బాగా గడిచింది. ల్యూక్ మిల్లు నుంచి వచ్చేసరికి కనుబొమ్మల మీద మంచు ఉండేది. కరిగేలోపు ముద్దు పెట్టుకోవాలని మాకొక పందెం. మామయ్యగారు మాత్రం రోజూ కుర్చీలో కూర్చునే ముందు రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కూర్చునేవారు.

"నొప్పిగా ఉందా మామయ్యా?"

"లేదమ్మా. కుర్చీ ఉందో లేదో చూసుకుంటున్నా."

మార్చి ఆఖర్న, ఊరంతా బురదగా ఉన్న ఒక మధ్యాహ్నం, జవాబులొచ్చాయి. బడిలో ప్రెస్టన్ నా గదిలోకి దూకినంత పని చేశాడు. "వచ్చింది మేడమ్! టార్‌బెల్! మీరు చెప్పినట్టే మూడుసార్లు వెళ్ళొచ్చా!" నేను వాణ్ణి గట్టిగా వాటేసుకుని, వెంటనే ఎలోడీని వెతుక్కుంటూ పరిగెత్తాను. లాకర్ల దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"వెయిటింగ్ లిస్టట వదినా," అంది.

"చూడనీ. తప్పు చదివుంటావ్."

తప్పు చదవలేదు. పసుపు కార్డుల్లో ఒకటి మాత్రం వచ్చింది, వెయ్యి మైళ్ళ అవతల. ఆ ఫీజు మా ఇంట్లో అందరి జీతాలూ కలిపినా చాలదు.

మర్నాడు టార్‌బెల్ అడ్మిషన్ల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ పెద్దావిడ మిసెస్ హోల్‌కాంబ్. ముత్యాల చెవిదిద్దులు, మెత్తటి గొంతు. బడి తరఫున ఏటా మాట్లాడుకునే వాళ్ళమే కాబట్టి కూర్చోబెట్టి బిస్కెట్టు పెట్టింది.

"మంచి పిల్ల. చాలా మంచి మార్కులు," అంది కాగితం చూస్తూ. "అసలు చిక్కదే నెల్. ఇంత మంచి మార్కులున్న పిల్ల మా దగ్గరికి వస్తుందని మాకెలా తెలుస్తుంది? సీటిచ్చి, వాళ్ళు రాకపోతే మాకు నష్టం. అందుకే ఎవరు మనస్ఫూర్తిగా కోరుకుంటున్నారో చూస్తాం. ఈ అమ్మాయి ఒక్కసారి కూడా మా కాలేజీ చూడ్డానికి రాలేదు."

"రాలేదా?" నా చేతిలో బిస్కెట్టు విరిగింది. "ఆ పిల్ల ఈ ఊళ్ళోనే పుట్టిందండీ!"

"అదే మరీ అనుమానం. ఈ ఊరి పిల్లలు సాధారణంగా ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయటపడదామా అని చూస్తారు. వీళ్ళకి మాది ఇంకెక్కడా రాకపోతే అక్కరకొచ్చే కాలేజీ, అంతే. ముందు విడతలో పెట్టలేదు. టూర్ తీసుకోలేదు. వ్యాసంలో మా ఊసే లేదు." కాగితం తిప్పింది. "పైగా బడి తరఫున నువ్వు రాసిన సిఫారసు ఉత్తరంలో, ఈ పిల్లని దేశంలో ఏ కాలేజీ అయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది అన్నావు. అది చదివి, సరే, ఇంకెవరో తీసుకుంటార్లే అనుకున్నాం."

ఆవిడ కుర్చీ వెనకాల ఆవిరి హీటరు బుసబుసమంటోంది. దాన్ని రోజూ వేడెక్కించే మనిషి కూతురి గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ మాట అందామని నోరు తెరిచాను. ఎలోడీ ఖాళీగా వదిలిన ప్రశ్న గుర్తొచ్చి మూశాను.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు ఆసక్తి చూపిస్తే మంచిదే. టూర్ శనివారాలుంటుంది," అంది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలన్నారు. పెరటి చెట్టుని పట్టుకుని, నువ్వు ఈ పెరట్లో ఉన్నట్టు దాఖలా చూపించు అనడం మాత్రం అప్పుడే విన్నాను.

ఆదివారం అట్లు తింటుండగా ఇంట్లో అన్నీ చెప్పేశాను. ముందు విడత, వ్యాసం, ఉత్తరం, ఒక్కటీ దాచకుండా. ల్యూక్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎలోడీ ఫోర్కు కింద పెట్టింది.

"అంటే ప్రెస్టన్‌కి చెప్పావు, నాకు చెప్పలేదు."

"నీకు అక్కర్లేదనుకున్నానే."

"నేను రాసిందే పంపుంటే సరిపోయేది."

"అవును."

"నువ్వు నాకు ఆకుపచ్చ కార్డిచ్చావు వదినా. నేను ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నా. అంత పిచ్చిదాన్ని."

మామయ్యగారు పెనం వైపు తిరిగి ఉన్నారు. "అట్టు మాడుతోంది," అన్నారు. మాడలేదు.

శనివారం టూర్‌కి నేనూ ఎలోడీ వెళ్ళాం. వెళ్ళను అంది. వెళ్ళాలి అన్నాను. దారి పొడవునా పోట్లాడుకున్నాం, అయితే దారి రెండు నిమిషాలే కాబట్టి పోట్లాట పూర్తి కాలేదు. ఆఫీసు గుమ్మంలో రిజిస్టరు. పేరు, ఎక్కడి నుంచి, ఎన్ని మైళ్ళు. మా ముందున్న కుటుంబం ఒహాయో, తొమ్మిది వందలు అని రాసింది. ఎలోడీ పెన్ను పట్టుకుని నా వంక చూసింది.

"ఎన్ని రాయను?"

"ఉన్నదే రాయి."

సున్నా అని రాసింది. గుమ్మంలో నిలబడ్డ టెక్సాస్ పిల్ల, మా టూర్ గైడు, అది చూసి, "అబ్బ, ఎంత హాయో! మా అమ్మ మూడు రోజులు కారు నడిపింది," అంది.

ఆ పిల్ల వెనక్కి నడుస్తూ, ముందుకి మాట్లాడుతూ, మమ్మల్నందర్నీ తిప్పింది. లైబ్రరీ చూపించింది. ఎలోడీ పళ్ళు రాలిన మెట్లు చూపించింది. ఎలోడీ బుద్ధిగా తలూపింది. పచ్చిక దగ్గర ఆగి, "ఇది మా కాలేజీలో ఒక వింత," అంది. ఇంకా అక్కడక్కడా మంచు కుప్పలున్నాయి. మధ్యలో సూటిగా పచ్చటి చార. "చలికాలమంతా ఇలాగే ఉంటుంది. ఎందుకో మరి!"

"కింద ఆవిరి గొట్టం ఉంది," అంది ఎలోడీ.

"నిజమా? నీకెలా తెలుసు?"

"ఎక్కడో చదివాను."

చార చివర బాయిలరు గది. గుమ్మంలో మామయ్యగారు, చేతిలో మసిగుడ్డ. మమ్మల్ని చూసి కదల్లేదు. టెక్సాస్ పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఈయన ఆర్మండ్ గారు. నా మొదటి శీతాకాలం నేను ఏడుస్తుంటే నా బూట్లు గొట్టం మీద ఆరబెట్టిచ్చారు. ఈ కాలేజీలో నాకు మొట్టమొదట పరిచయమైన మనిషి."

ఒహాయో వాళ్ళు నమస్కారం పెట్టినంత మర్యాదగా తలలూపారు. మామయ్యగారు టోపీ తీశారు. అందర్నీ పలకరించి, ఎలోడీ దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగారు, కుర్చీలో కూర్చోబోయే ముందు ఆగినట్టు.

"ఎక్కడి నుంచి వచ్చావమ్మా?"

"దగ్గర్లోనేనండీ," అంది ఎలోడీ.

"మంచి కాలేజీ. చదువుకో," అన్నారు. టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత టూర్‌లో ఏం చూపించారో నాకు గుర్తు లేదు. ఎలోడీ ఇంటికొచ్చి థాంక్స్ ఉత్తరం రాసింది. ఆ పచ్చ చార వ్యాసం కూడా, తండ్రికి సద్ది తీసుకెళ్ళిన ముక్క మాత్రం కొట్టేసి, జత చేసింది. నేను ఒక్క మాట కూడా దిద్దలేదు.

"ఇప్పుడెంత ఛాన్సుంది వదినా?"

"తెలీదే."

"నీకు తెలీకపోవడమేంటి? అదేగా నీ ఉద్యోగం."

"అదే నాకూ అర్థం కావట్లేదు," అన్నాను. నిజంగానే కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు. ఆ నెలంతా నాకు అంతే. బడిలో ఎవరైనా కార్డు అడిగితే పెన్సిలు విరిచేదాన్ని. రాత్రి ల్యూక్ "నీలం వంటింటికి తెరలు కొందామా" అంటే ఏడ్చేదాన్ని. అతను "సరే, తెరలొద్దు, అందరూ చూస్తారు, చూడనీ" అంటే ఏడుస్తూ నవ్వేదాన్ని.

మే పదిహేనున ఆఫీసు నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఈ ఏడాది వెయిటింగ్ లిస్టు నుంచి ఎవరినీ తీసుకోవడం లేదు. మీ ఆసక్తికి ధన్యవాదాలు.

మర్నాడు సాయంత్రం మామయ్యగారు మామూలు కంటే గంట ఆలస్యంగా వచ్చారు. బూట్లు విప్పుకుంటూ, ఎవరినీ చూడకుండా అన్నారు. "ఇంకో ఏడాది ఉంటానని సంతకం పెట్టొచ్చా. ముందు విడత మళ్ళీ నవంబర్లోనేగా? అప్పుడే పెట్టు."

"నాన్నా, నీ నడుము!"

"నడుముదేముంది. ఎక్కడికి పోతుంది? నా వెనకే వస్తుంది."

"నేను రాష్ట్రం యూనివర్సిటీకి పోతా. లేదా బేకరీలో పని చేసుకుంటా. నువ్వు రేపెళ్ళి ఆ సంతకం కొట్టేయించుకో."

"ఇరవై రెండేళ్ళు వాళ్ళని వెచ్చగా ఉంచానే," అన్నారు మామయ్యగారు. గొంతు పెరగలేదు. "ఇరవై మూడోది నాకోసం ఉంచుకుంటా."

ఎలోడీ తలుపు ధడాలున వేసి మేడ మీదికి పోయింది. నేను ఆయనకి సూపు పెట్టాను. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే ఆయనే, "ఉప్పు చాల్లేదమ్మా," అన్నారు. ఉప్పు అందించాను. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి అక్కడితో సరి.

ఆ నడుముతో మామయ్యగారిని వదిలి పోలేక, ఆ శనివారం నేనూ ల్యూక్ బేకరీ ఆవిడకి తాళంచెవి తిరిగిచ్చేశాం. ఆవిడ జాలిపడి చెరో దాల్చినచెక్క రొట్టె ఇచ్చింది. వంతెన మీద నిలబడి తిన్నాం. అప్పటికే చేపల వాళ్ళు వలలు విప్పుకుంటున్నారు. ల్యూక్ గడ్డానికి చక్కెర అంటుకుంది. తుడిచాను. చెప్పకూడదు గానీ, అప్పుడు కూడా నాకు సంతోషంగానే ఉంది. సంతోషంగా ఉన్నందుకు ఒళ్ళు మండింది.

జూన్‌లో కాలేజీ పిల్లలు వెళ్ళిపోయాక బాయిలరు చల్లార్చి లోపలంతా శుభ్రం చేస్తారు. మనిషి ఆ చిన్న తలుపులోంచి వంగి, పాకి, లోపలికి దిగాలి. ఏటా ఆ పని అయ్యాక మామయ్యగారు వారం రోజులు నిటారుగా నిలబడలేరు. ఈసారి వేసవి కూలికి మనిషి కావాలని కాగితం అంటిస్తే, ఎలోడీ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పేరిచ్చింది.

మొదటి రోజు మధ్యాహ్నం నేను సద్ది తీసుకెళ్ళాను. ఎలోడీ ఒంటి మీద తండ్రి పాత ఓవరాల్స్, చేతులు నాలుగు మడతలు, ముఖం నిండా మసి. గుమ్మంలో ఇద్దరూ నీళ్ళు తాగుతున్నారు. అటుగా పోతున్న కారు ఆగింది. అద్దం దించింది మిసెస్ హోల్‌కాంబ్.

"ఆర్మండ్, కొత్త మనిషా?"

"మా అమ్మాయండీ. ఎలోడీ."

ఆవిడ నా వంక చూసింది, ఎలోడీ వంక చూసింది, మళ్ళీ ఆయన వంక చూసింది. ముత్యాలు కదిలాయి. "ఎలోడీ అంటే... ఆ పచ్చ చార ఎలోడీ? ఈయన కూతురివా? ఈ కాలేజీ వెనకింట్లోనే ఉంటావా?"

"పుట్టినప్పట్నుంచీ అండీ."

"అయ్యో, ముందే ఒక్క మాట చెప్పి ఉంటే!" నిజంగానే బాధపడింది ఆవిడ, అది నేను కాదనను. "సెప్టెంబర్లో తప్పకుండా రామ్మా. మా టూర్ చూద్దువుగాని, కాలేజీ గురించి ఒక అవగాహన వస్తుంది."

నేను నోరు తెరిచాను. ఎలోడీ మోచేత్తో నన్ను పొడిచింది. మసి నా కొత్త జాకెట్టుకి అంటింది.

"అలాగేనండీ," అంది.

కారు వెళ్ళిపోయింది. లోపలికి వచ్చాక మామయ్యగారు పనిబల్ల మీద చేతులు ఆనించి దీపం అందుకోబోయారు. ఎలోడీ ముందే అందుకుని నాకిచ్చింది. వంగి, భుజాలు ముడుచుకుని, ఆ చిన్న తలుపులోకి పాకింది. బూట్లు కూడా కనిపించకుండా పోయాయి. నేను దీపం లోపలికి చాపి పట్టుకున్నాను.

కాసేపటికి లోపల్నుంచి గొంతు ఖంగుమంది.

"నాన్నా! ఇదేంటి, ఇంత మసి! ఎన్నేళ్ళయింది దీన్ని కడిగి?"

"ఏటేటా కడుగుతూనే ఉన్నానే," అన్నారు మామయ్యగారు.